రెండు నొక్కితే రత్నం

రేపల్లె

చిరంజీవి తేజస్వినికి,

మీ మేనత్త పేరమ్మ దీవించి రాస్తోంది. ఇక్కడ నేనూ, నా కత్తిపీటా, నా ఫోనూ కులాసా. పరీక్షలయ్యేదాకా మీ బాపట్ల హాస్టల్ వార్డెనమ్మ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసిందట కదా. నా ఫోను ఎలాగూ చేపల కబురు కోసం ఖాళీగా ఉంచాలి. అందుకని ఉత్తరం. నాగశివ నడిపే చేపల వ్యానులో పంపుతున్నా, వాసనకి ఏమీ అనుకోకు.

సెలవుల్లో నువ్వు మా ఫోన్లలో చేసిపోయిన ఏర్పాటు బ్రహ్మాండంగా నడుస్తోంది. రేవుకి పడవ రాగానే సింగయ్య తన ఫోన్లో రెండు అంకె నొక్కి పట్టుకుంటాడు, నేను పలుకుతాను. నేను రెండు నొక్కితే రత్నం. రత్నం రెండు నొక్కితే కొల్లూరులో మున్నీ బీ. మున్నీ బీ రెండు నొక్కితే తెనాలిలో హోటలు యాకూబ్ భాయ్. నేను మొహం కడుక్కునేలోపు కబురు తెనాలి చేరిపోతోంది. ఎవరికీ తన తరవాతి మనిషి నంబరు తప్ప ఇంకోటి అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అందులోంచి రత్నాన్ని తీసెయ్యాలి.

సింగయ్య మనవరాలు వెన్నెల బారసాలలో అందరి ముందూ రత్నం నా గురించి ఏమందో తెలుసా? "మా వదిన ఫోనులో అరిస్తే పడవ వచ్చినట్టుండదు, పడవ మునిగినట్టుంటుంది" అంది. బంతి మొత్తం నవ్వింది. వడ్డించేవాడు సాంబారు బకెట్టు కింద పెట్టి మరీ నవ్వాడు. పాతికేళ్ళ స్నేహం తేజూ. ఒకే గంపకి చెరో పక్క పట్టుకుని తెనాలి రైలెక్కినవాళ్ళం. ఇప్పుడు రోజూ పొద్దున్నే దానికే ఫోన్ చెయ్యాలంటే గొంతులో ముల్లు పడ్డట్టుంది.

ఎలా తీసెయ్యాలో రాయి. తీసేసినట్టు దానికి తెలియకూడదు.

ఇట్లు,
గొంతు పెద్దదైన మీ అత్త

తా.క.: ఎండు రొయ్యలు పంపుతున్నా. సగం వార్డెనమ్మకి పెట్టు. బీరువా తెరుస్తుందేమో.

*

బాపట్ల

అత్తకి నమస్కారాలు.

నీ ఉత్తరం కన్నా దాని వాసన ముందు మా గదికి చేరింది. చదివి నిర్ఘాంతపోయాను. రత్నం పిన్నినా? నాకు జ్వరం వస్తే మీరిద్దరూ వంతులేసుకుని మేలుకున్నారు కదా. సరే, మీ మధ్య నేనెవర్ని.

మీ ఫోన్ల వరసని మా కంప్యూటర్ పుస్తకంలో లింక్డ్ లిస్ట్ అంటారు. మధ్యలో ఒక మనిషిని తీసెయ్యాలంటే ఆ మనిషిని ముట్టుకోనక్కర్లేదు. చెప్పనూ అక్కర్లేదు. ఆమె ముందున్నవాళ్ళు ఆమెను దాటి, వెనకున్నవాళ్ళని పట్టుకుంటే చాలు. అంటే నీ రెండో బటన్ మీద రత్నం పిన్ని నంబరు చెరిపేసి మున్నీ బీ నంబరు పెట్టుకోవడమే. ఇంకెవరి ఫోనూ మార్చే పనిలేదు. పిన్ని తన ఇంట్లో తనుంటుంది, కబురు మాత్రం ఆమె గుమ్మం తొక్కకుండా వెళ్ళిపోతుంది.

రాస్తుంటేనే నాకు మనసు చివుక్కుమంది. ఇంకోసారి ఆలోచించు.

ఇట్లు,
తేజస్విని

తా.క.: ముఖ్యమైన ముక్క మర్చిపోయాను. ముందు మున్నీ బీ నంబరు సంపాదించి ఎక్కడైనా రాసుకో. ఆ తరవాతే పిన్ని నంబరు చెరిపెయ్. తలకిందులుగా చేశావో, వెనకున్న వాళ్ళంతా గల్లంతు.

*

రేపల్లె

తేజూ,

ఇక్కడ నేను క్షేమమే, వంజరం చేపలే క్షేమంగా లేవు. ముఖ్యమైన ముక్కని కాగితం వెనక రాసే మనిషిని నిన్నే చూశాను.

ముందు వైపు చదివాను. చెరిపెయ్యమన్నావు, చెరిపేశాను. తరవాత కాగితం తిప్పాను. అంతే, అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే సింగయ్య ఫోను. పడవ నిండా వంజరం, తెనాలి వాళ్ళని రమ్మను అన్నాడు. అలవాటుగా రెండు నొక్కాను. ఎవరూ పలకలేదు. ఇంకోసారి నొక్కాను. ఫోను నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. మున్నీ బీ నంబరు రత్నం ఫోనులో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు. రత్నాన్ని తీసెయ్యాలంటే రత్నాన్నే అడగాలా? ఇదేం చదువమ్మా?

నేను చెరిపింది ఒక్కరిని. కొల్లూరూ పోయింది, తెనాలీ పోయింది. ఒక్క నంబరుకి ఇంతమంది వేలాడుతున్నారని నాకేం తెలుసు. సరుకు సగం ఐసులో పెట్టాం. మిగతా సగం మా వీధి వీధంతా తింది, పిల్లులు కూడా ఇక చాలన్నాయి.

యాకూబ్ భాయ్ వైపు నుంచి వెనక్కి నరుక్కుంటూ వస్తే మున్నీ బీ దొరకదా? వెంటనే రాయి.

ఇట్లు,
అరుగు మీంచి, మీ అత్త

తా.క.: ఈసారి ముఖ్యమైనది ముందు రాయి.

*

బాపట్ల

అత్తకి,

ముఖ్యమైనది ముందు: వెనక్కి రావడం కుదరదు. మీ వరస ముందుకే నడుస్తుంది. యాకూబ్ భాయ్‌కి రెండో బటన్ మీద ఎవరూ లేరు, ఆయనే ఆఖరు. పోనీ ఆయన నంబరైనా నీ దగ్గర లేదు. మున్నీ బీని పట్టుకున్నది రత్నం పిన్ని ఒక్కతే. వెళ్ళి అడుగు. ఏదో వంక చెప్పు.

నీ కథ సెమినార్‌లో చెప్పాను. మా విష్ణువర్ధన్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రతి ఏడాదీ ప్రతి విద్యార్థీ ఈ తప్పు చేస్తాడట. వంజరంతో చేసినవాళ్ళ గురించి మాత్రం సర్వీసులో మొదటిసారి వింటున్నానన్నారు.

ఇట్లు,
సిగ్గుతో, తేజస్విని

తా.క.: వార్డెనమ్మ రొయ్యలు తీసుకుంది. బీరువా తెరిచింది, రొయ్యలు అందులో పెట్టి మళ్ళీ తాళం వేసింది.

*

రేపల్లె

చిరంజీవి తేజస్వినికి,

నేను బతికే ఉన్నాను. ఈ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో నిదానంగా చదువు.

రత్నం ఇంటికి వెళ్ళాను. మున్నీ బీ కూతురు యాస్మిన్‌కి సంబంధం కుదిరిందట, పలకరిద్దామని, నంబరు ఇస్తావా అన్నాను. నా మొహంలోకి ఓసారి చూసింది. తనే నా ఫోను తీసుకుని, అంకెలు కొట్టి, రెండో బటన్ మీద పెట్టి ఇచ్చింది. పైగా టీ ఇచ్చింది.

ఆ రోజు నుంచి నేను రెండు నొక్కితే మున్నీ బీ. పడవ వచ్చిందమ్మా, అందరికీ చెప్పు అంటాను. సరే అక్కా అంటుంది. ఒక్కరూ రారు. రోజూ చెప్తాను, రోజూ ఎవరూ రారు. నాకు మతిపోయింది. నిన్న మున్నీ బీని నిలదీస్తే, తడబడుతూ చెప్పింది. నా ఫోను తరవాత రోజూ ఆవిడకి ఇంకో ఫోను వస్తోందట. రత్నం దగ్గర నుంచి. "వదిన నాకు ఫోను చెయ్యలేదు, అంటే పడవల్లేవు. పాపం ఒంట్లో బాగాలేదేమో, ఏదో ఒకటి మాట్లాడుతుంటుంది, పట్టించుకోకు" అని.

నేను తీసేసినా రత్నం చేతిలో మున్నీ బీ అలాగే ఉంది తేజూ. ఇది మీ పుస్తకంలో లేదా?

ఇంకా ఉంది. పేరమ్మకి ఒంట్లో బాలేదు అన్నది రత్నం. మంచం పట్టింది అన్నది మున్నీ బీ. తెనాలి చేరేసరికి నేను పోయాను. పొద్దున నేను గుమ్మంలో కూచుని కానాగంత చేపలు కోస్తుంటే యాకూబ్ భాయ్ రైలు దిగి వచ్చాడు, చేతిలో బంతిపూల దండ. నన్ను చూసి దండ జారవిడిచాడు. నేను కత్తిపీట మీంచి లేచిపోయాను. చివరికి ఆయనే, "బాగున్నారా అమ్మా" అన్నాడు. ఇంకేమంటాడు.

ఇట్లు,
ఇంకా ఉన్న మీ అత్త

తా.క.: యాకూబ్ భాయ్ చాలా నొచ్చుకున్నాడు. ఇకమీద నేను ఉన్నానో లేదో నన్నే అడుగుతానని నా నంబరు తీసుకుని, తన రెండో బటన్ ఖాళీగా ఉంటే అందులో పెట్టించుకున్నాడు. దండ మాత్రం తిరిగి ఇవ్వలేదు. మీ మావయ్య ఫోటోకి సరిపోయింది.

*

బాపట్ల

అత్తకి,

ముఖ్యమైనది ముందు: బతికున్నందుకు సంతోషం. మొదటి వాక్యం చదివి మెస్సులో ఏడ్చేశాను, మిగతాది చదివి నవ్వేశాను. అందరూ నాకే ఏదో అయిందనుకున్నారు.

తప్పు నాదే. తీసేసిన మనిషి రెండో బటన్ కూడా ఖాళీ చెయ్యాలి. లేకపోతే ఆమె బయట ఉన్నా, ఆమె చెయ్యి లోపలే ఉంటుంది. పుస్తకంలో ఉంది. నేనే ఆ పేజీ వదిలేశాను. వెళ్ళి పిన్ని ఫోనులో ఆ నంబరు చెరిపెయ్. లేదా, నా మాట విని, పిన్నిని మళ్ళీ వరసలో కలుపుకో. అది ఇంకా తేలిక.

ఇట్లు,
తేజస్విని

తా.క.: విష్ణువర్ధన్ సార్ ఇంకో ప్రశ్న అడిగారు. మధ్యలో మనిషిని సరే, మొదటి మనిషిని తీసెయ్యాలంటే? అన్నిటికన్నా సులువట. రేవులో ఉన్నవాడు నేరుగా రెండో మనిషికి ఫోన్ చేస్తే చాలు, మొదటి మనిషి ఊడిపోతుంది. ఆ మనిషికి తెలియను కూడా తెలియదు. మన దగ్గర అలా జరగదులే.

*

రేపల్లె

తేజూ,

జరిగింది.

నాలుగు రోజులు నాకు రేవు నుంచి ఫోను లేదు. సముద్రం పోటుమీదుంది, పడవలు వెళ్ళలేదనుకున్నా. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూచున్నా. అయిదో రోజు మా గుమ్మం ముందు నుంచే చందువ చేపల గంపలు వెళ్తున్నాయి. ఒళ్ళు మండి రేవుకి పోయాను. సింగయ్య నన్ను చూసి పడవ తాడు వదిలేశాడు. ఆ రోజు యాకూబ్ భాయ్ దండ పట్టుకుని మా ఇంటి దారి అడిగింది బజారులో డీజిలు పోయించుకుంటున్న ఇతన్నేనట. అక్కడికక్కడే ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారట. వెంటనే సింగయ్య తన రెండో బటన్ మీద నన్ను తీసేసి రత్నాన్ని పెట్టుకున్నాడు. మరి నా శవాన్ని చూడ్డానికైనా రాలేదేంరా అన్నాను. "పడవెక్కేశానక్కా, దినానికి వద్దామనుకున్నా" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఎవరు మొదలు? రత్నం. దానికి రోజూ ఫోను. అది మున్నీ బీకి, మున్నీ బీ యాకూబ్‌కి. తెనాలి వాళ్ళంతా వచ్చి కొనుక్కుపోతున్నారు. నేను లేకపోయినా ఒక్క చేప ఆగలేదు తేజూ. అది తట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నా.

అప్పుడు మోగింది నా ఫోను. యాకూబ్ భాయ్. "అమ్మా, ఉన్నారా? రేవులో చందువలు పడ్డాయట, మీకు చెప్పారా" అన్నాడు. కూతవేటు రేవు కబురు నాకు తెనాలి నుంచి వచ్చింది. అయినా కబురు కబురే. కబురొస్తే రెండు నొక్కడం నా చేతికి అలవాటు. నొక్కాను. మున్నీ బీ పలికింది, చెప్పాను. ఆవిడ యాకూబ్‌కి చెప్పింది. యాకూబ్ నాకు చెప్పాడు. ఇంకో పడవ కాబోలని నేను మళ్ళీ నొక్కాను.

పొద్దుటి నుంచి ఇదే తిరుగుడు. ఒక గంప చందువలు మధ్యాహ్నానికి పడవెడు అయ్యాయి, ఇప్పుడు రేవంతా అయ్యాయి. తెనాలి నుంచి రెండు లారీలు బయల్దేరాయట. నొక్కకపోతే నిజం కబురేమైనా తప్పిపోతుందేమోనని భయం, నొక్కితే ఇదీ. నువ్వు వెంటనే రా.

ఈ గోలకి రత్నం పరిగెత్తుకొచ్చింది. తలుపు దగ్గర నిలబడి నేను ఫోనులో అరవడం చూసింది. నేను దాన్ని చూసి ఆపేశాను. అది లోపలికొచ్చి నా పక్కన కూచుని, "నీ అరుపు లేక నాకు తెల్లారినట్టే లేదు వదినా" అంది. ఇద్దరం ఏడ్చాం. మధ్యలో ఫోను మోగితే ఎత్తాను.

ఇట్లు,
మొదటి నుంచి ఊడి చివరన తగులుకున్న మీ అత్త

తా.క.: మిగతాది రత్నం రాస్తానంటోంది. నేను లారీల వాళ్ళకి అడ్డం వెళ్ళాలి.

*

అమ్మాయ్ తేజూ, రత్నం పిన్నిని. మీ అత్త వీధి చివరకి వెళ్ళింది కాబట్టి ఈ ముక్క నీకు మాత్రమే. మున్నీ బీ నంబరు అడగడానికి వచ్చిన రోజే నాకు తెలుసు, నన్ను తీసేస్తోందని. నన్ను దాటాలనుకుంటే తప్ప నా వెనక మనిషి నంబరు ఎందుకు? ప్రాణం ఉసూరుమంది. అయినా సరైన నంబరే పెట్టిచ్చాను. ఆ తరవాత కావాలనే మున్నీ బీకి అలా చెప్పాను, రోజూ. కోపమొచ్చి నా గుమ్మానికొచ్చి అరుస్తుందని ఆశ. చచ్చిపోయిందని మాత్రం నేను చెప్పలేదు, అది దారిలో కలిసింది. నువ్వొచ్చి ఈ ఫోన్లు సరిచేద్దువుగాని, కానీ తొందరేం లేదు. ఆవిడ వీధి చివర లారీల వాళ్ళ మీద అరుస్తోంది, ఇక్కడికి శుభ్రంగా వినిపిస్తోంది.