నీ వంతెన ఫోటోల సైజు తగ్గించాను

నాన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. అమ్మ ఫోన్ నువ్వు తీసిన ఫోటోలతో నిండిపోయి ఇంకేదీ పట్టదంటోంది. కొవ్వూరు గట్టు మీద నిలబడి అదే రైలు వంతెనని రోజూ ఎందుకు తీశావు నాన్నా? అమ్మ ఒక్కటీ తీసెయ్యనివ్వదు. "నీకేం అడ్డమొచ్చాయే?" అంటుంది.

అందుకని అన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, సైజు తగ్గించమని ఒక్క లైను కమాండ్ రాశాను. పనిలో పనిగా ప్రతి ఫోటోలోనూ ఎడమ పక్క అడ్డుపడిన నీ వేలినీ కత్తిరించమన్నాను. లెన్సు మీద వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు! కాసేపట్లో అన్నీ పదో వంతు సైజుకి వచ్చాయి. ఎక్కడా మసక లేదు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి, ఎడమ అంచు దగ్గరే వెతికింది.

"ఇందులో మీ నాన్నగారేరే?"

"వంతెన శుభ్రంగా కనిపిస్తోంది కదమ్మా."

"వంతెన రోజూ చూస్తూనే ఉన్నాను గదే."

అసలు ఫోటోలు లాప్‌టాప్‌లో ఉండబట్టి బతికిపోయాను. కమాండ్‌లో కత్తిరించే ముక్క తీసేసి, అన్నీ మళ్లీ మొదటినుంచి చేస్తున్నాను. ఒక్కసారి ఫోన్ ఎవరి చేతికైనా ఇచ్చి, నువ్వు ముందుకొచ్చి నిలబడితే ఏం పోయేది నాన్నా?