వేళ్ళకు అందనిది

ఏప్రిల్ 6,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మకు నమస్కారాలు.

ఒంట్లో ఎలా ఉందని అడగడం మర్యాద. అడగను. బండరాయిలా ఉన్నానంటావు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక్కడ మిల్లులో గుడ్డ లోపాలు వెతికే పని మామూలే. కింద లైటు వెలిగే గాజు బల్ల మీద తెల్ల గుడ్డ రోజంతా పారుతూనే ఉంటుంది. కాసేపటికి గుడ్డ ఆగిపోయి, మేమే వెనక్కి తేలిపోతున్నట్టుంటుంది. నిన్న కునుకులో ఆ తెలుపులో నువ్వు నడిచి వెళ్తున్నావు. పిలిస్తే తిరిగి చూడలేదు. లేచి చాలాసేపు కోపంగా కూర్చున్నాను.

మీ మిల్లుకు రొమ్ము పరీక్ష వ్యాను వస్తే నువ్వొక్కదానివే వెళ్ళలేదని పక్కింటి టైలరమ్మ ఫోన్ చేసింది. గుడ్డలో వెంట్రుకంత ముడిని పట్టే వేళ్ళకు ఒంట్లో గడ్డ తెలియదా అన్నావట. అందరూ తలూపారట. ఊపరా మరి, నీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే కదా.

నాకూ నువ్వే నేర్పావు. కళ్ళు మూసుకుంటే వేళ్ళే చెబుతాయన్నావు. ముడి దొరుకుతుంది, నిజమే. పలచబడిన పోగు ఎప్పుడైనా వేళ్ళకు దొరికిందా? కింద లైటు వెయ్యకుండా ఒక్క తానైనా పాస్ చేశావా? గుడ్డకిచ్చే విలువ నీ ఒంటికి ఇవ్వవేం?

తడిమి చూసుకోవద్దనడం లేదు. అది చాలదంటున్నాను. మా బల్ల దగ్గర ఒకావిడ గడువు తప్పకుండా పరీక్షకు వెళ్తుంది. పోయినసారి తీసిన ఎక్స్‌రే బొమ్మలో ఏమీ లేదు. ఈసారి బొమ్మను దాని పక్కన పెట్టి చూస్తే కొత్తగా ఒక చుక్క. ఎంత తడిమినా చేతికి తగల్లేదు. ఆవిడ వేళ్ళు నీ వేళ్ళకేం తీసిపోవు. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి ఆ కాస్త మేరకే తీసేశారు. నయమవుతుందని డాక్టరమ్మ ధైర్యంగానే చెబుతోంది.

తోడుగా నేనూ వెళ్ళాను. తెర మీద ఆ బొమ్మ పొగమంచు కమ్మిన ఊరిలా ఉంది. మంచులో ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు ఆ చుక్క. నాకది అందంగా కనిపించింది. అందుకే ఇంకా మండింది.

ఈ నెల పదిహేడున మీ ఊరి పెద్దాసుపత్రిలో నీకు పరీక్ష. పేరు రాయించేశాను. వంకలు వెతక్కు.

నీ మొండిఘటం,
కూతురు

తా.క. ఆవిడ పిన్ని. నీ చెల్లెలే. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. సొంత చెల్లెలికి వచ్చిందంటే నువ్వు ఇంకా జాగ్రత్తగా ఉండాలని డాక్టరమ్మ అంది. ఇక దాచడం నా వల్ల కాలేదు. పిన్ని నా మంచం మీద పడుకుని, నేనేం రాస్తున్నానో ఇప్పుడే కనిపెట్టేసింది. తిడుతుందనుకున్నాను. గోడవైపు తిరిగి, "అక్కకి ఉన్నది వేళ్ళ మీద నమ్మకం కాదే, భయం. చిన్నప్పుడు ఇంజెక్షనంటే నన్నే ముందు తోసేది" అంది.

పరీక్షకు ముందు రోజే వచ్చేస్తున్నాను. ఆ గది దాకా నేను ముందు నడుస్తాను. నువ్వు నా వెనకాల రా.