మూడు సంతకాల మనిషి

జూన్ 4

డిపో నుంచి జవాబు వచ్చింది. ఇవ్వం అని. ఆ ఒక్క ముక్క చెప్పడానికి పేజీ నిండా టైపు కొట్టారు.

నేనేమైనా రాజ్యం రాసిమ్మన్నానా? తమ్ముడు నడిపిన బస్సు రిపేరు రిజిస్టరు కాపీ అడిగాను. డ్యూటీ దిగేటప్పుడు బండిలో లోపం ఏమైనా ఉంటే డ్రైవర్లు అందులో రాసి సంతకం పెడతారు. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని వీడు రోజూ రాస్తూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆఖరికి ఓ రోజు దిగుడు రోడ్డులో బస్సు ఆగక బస్ షెల్టర్‌లోకి దూసుకెళ్ళింది. అదృష్టం బాగుండి షెల్టర్‌లో ఎవరూ లేరు, బస్సులో వాళ్ళకీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు నిర్లక్ష్యం అని రాసి వీణ్ణి సస్పెండ్ చేశారు. జూలై ఆఖర్లో ఎంక్వయిరీ. ఆ కాపీ చేతిలో లేకుండా వెళితే వాడి ఉద్యోగం పోయినట్టే.

వాడు వెళ్ళి నోటితో అడిగితే చూపించలేదట. మళ్ళీ అడగరా అంటే అడగడు. వాడి మౌనం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే సమాచార హక్కు చట్టం కింద నా పేరు మీద నేనే దరఖాస్తు పెట్టాను. ఎవరైనా అడగొచ్చని చట్టంలోనే ఉంది. వాడికి మాత్రం చెప్పలేదు.

ఇది మూడో వ్యక్తికి సంబంధించిన సమాచారం, ఆ వ్యక్తి అనుమతి లేదు కాబట్టి ఇవ్వడం కుదరదు అని జవాబు. మూడో వ్యక్తి! వాడి ఉయ్యాల ఊపింది నేను.

జూన్ 5

రివ్యూ ఆఫీసుకి అప్పీలు పంపాను. ఏ ఆఫీసు సమాచారం ఇవ్వనన్నా, అది సబబో కాదో చూసే ఆఫీసు అది. పొద్దున్నే స్నానం చేసి, వర్క్‌షాపు షట్టర్ ఎత్తకుండా కూర్చుని రాశాను. బాగా వచ్చింది. కోపంలో నేను రాసే వాక్యం ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసే వాక్యం కంటే మంచిది.

కింద సంతకం పెట్టాను. ఈసారి అక్షరాలు కుడివైపుకి వాల్చి, వెనక సన్నగా నీడ కూడా వేశాను. బోర్డులు రాసి బతికేదాన్ని. ఊరంతా ఫ్లెక్సీలు వచ్చినా నా కుంచె కోసం ఇంకా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళున్నారు. సంతకం అంటే నా సొంత బోర్డు. కిందటిసారి కంటే బాగుండకపోతే పెట్టడం దేనికి?

జూన్ 19

రివ్యూ ఆఫీసు ఉత్తరం. అప్పీలు చేసిన మనిషీ, మొదట దరఖాస్తు పెట్టిన మనిషీ ఒక్కరేనని రుజువు చెయ్యాలట. లేకపోతే అప్పీలు మూసేస్తారట.

దరఖాస్తు మీద సంతకం ఒకటి. అప్పీలు మీద సంతకం ఒకటి. జత చేసిన గుర్తింపు కార్డు మీద సంతకం ఇంకొకటి. మూడింటికీ పోలిక లేదు. దానికి తోడు డిపో వాళ్ళు ఓ మెలిక పెట్టారు. సస్పెండైన డ్రైవరే అక్క పేరు వాడుకుని దరఖాస్తు పెట్టి ఉంటాడని వాళ్ళ అనుమానం.

గోరుచుట్టు మీద రోకటిపోటు. వాడు బస్సు పాడుచేశాడన్నారు సరే. ఇప్పుడు దొంగ దరఖాస్తు కూడా వాడి నెత్తినే.

జూన్ 20

ఫోన్ చేశాను. ఎత్తినాయన నా పేరు అడిగాడు, చెప్పాను. మీరు ఆవిడేనని ఫోన్‌లో ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు. మరి మీరు ఆ ఆఫీసు మనిషేనని నాకెలా తెలుస్తుంది అన్నాను. ఆయన నవ్వి, మంగళవారం నేరుగా రండి, కార్డు తెచ్చుకోండి అన్నాడు.

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

జూన్ 21

అద్దంలో చూసుకున్నాను. నేనే.

జూన్ 24

ఇవాళ నా చేతులారా నేను చేసుకున్నది రాయాలి. రాస్తుంటే నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది.

రివ్యూ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. ఫోన్‌లో మాట్లాడినాయన పెద్ద కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మంచివాడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. నిజం చెప్పొద్దూ, ముందు నాకు గర్వమే వేసింది. కార్డు మీద పొడుగు అక్షరాలు, నా చిన్నతనపు పొగరంతా అందులో ఉంది. దరఖాస్తు మీద గుండ్రటివి, చివర తోక. అప్పీలు మీద నీడతో వాలినవి. మూడూ మూడు రకాల అందం. ఆయన మాత్రం మొహం చిన్నబుచ్చుకుని, ఇవి ముగ్గురు పెట్టినట్టున్నాయమ్మా అన్నాడు.

ఓ తెల్లకాగితం ఇవ్వండి అన్నాను. ఆయన చూస్తుండగానే మూడు సంతకాలూ వరసగా పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆయన భూతద్దం తీశాడు. పక్క టేబుల్ ఆవిడ లేచొచ్చింది. ఇంకెవరో లేచొచ్చారు. భలే ఉందండీ అన్నారు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అందరూ మెచ్చుకుంటుంటే చెయ్యి ఊరుకోలేదు. నాకొచ్చిన ఉత్తరం కింద కళ్ళజోడాయన సంతకం ఉంది కదా. అది కూడా పెట్టాను. ఆయన పెట్టినదాని కంటే కాస్త శుభ్రంగానే వచ్చింది.

లేచొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తమ సీట్లకి వెళ్ళిపోయారు.

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. మీరు ఎవరి సంతకమైనా పెట్టగలరని రుజువైందమ్మా, ఇక వీటిలో ఏది మీదని నేను నమ్మాలి అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

హియరింగ్ పెడతారట. డిపో వాళ్ళనీ పిలుస్తారట. ముందు నేనెవరో తేలాలి. తేలితేనే మిగతాది వింటారు. దరఖాస్తు నేనే స్వయంగా ఇవ్వడం చూసిన మనిషి చెప్పాలి, అదీ చుట్టం కాకూడదు. నేను ఇచ్చినప్పుడు కౌంటర్లో ఉన్నది ఒక్క మనిషి. డిపో సమాచార అధికారి. ఇవ్వం అని జవాబు రాసినాయన. చొక్కా మీద ముడత కనపడనివ్వడు, అందుకని నేను ఇస్త్రీ సారు అని పేరు పెట్టాను.

నన్ను ఓడించాలంటే ఆయన అబద్ధం కూడా ఆడక్కర్లేదు. గుర్తులేదంటే చాలు.

జూన్ 24, సాయంత్రం

మరదలికి మెల్లగా చెబుదామనుకున్నాను. నా గొంతులో మెల్లగా అనేది లేదు. తమ్ముడు అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు.

నన్నడక్కుండా ఎందుకు చేశావక్కా అన్నాడు. నేను రాయాల్సింది రాశాను, వాళ్ళు దాచారు, దాచినవాళ్ళ దగ్గరికి నేనెందుకు చెయ్యి చాపాలి అన్నాడు. ఇప్పుడు చూడు, దొంగపేరు కూడా వచ్చింది అన్నాడు. నువ్వు నోరు తెరిస్తే నేను తెరవాల్సిన పనేముంది అన్నాను. వాడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది వదినా అని మరదలు గిన్నెలు సర్దుతూ అంది. ఆ అమ్మాయి పొరపాటున కూడా పరుషంగా మాట్లాడదు. అందుకే ఆమె మాట ఇంకా గట్టిగా తగులుతుంది.

జూన్ 27

మాటల్లేవు. మెట్ల దగ్గర ఎదురైతే నేను వాడికి దారిచ్చాను, వాడు నాకు దారిచ్చాడు. ఇద్దరం అలాగే నిలబడిపోయాం.

జూలై 2

రేపే హియరింగ్. మందుల షాపు బోర్డు రాస్తూ ఒక అక్షరం తప్పు రాశాను. నా జన్మలో ఎప్పుడూ ఇలా జరగలేదు.

జూలై 3

గెలిచాను. కాదు, గెలిపించారు. వరసగా రాస్తాను, లేకపోతే రేపటికి నేనే గొప్పదాన్నయిపోతాను.

పొద్దున గేటు తీస్తుంటే తమ్ముడు వెనకాలే వచ్చాడు. మంచి చొక్కా వేసుకున్నాడు. ఆటోలో పక్కనే కూర్చున్నాడు. అక్కడ మాత్రం లోపలికి రానన్నాడు, బయట బెంచీ మీద ఉంటానన్నాడు.

విచారించే అధికారి ఒక పెద్దావిడ. డిపో తరఫున వకీలు, పక్కన ఇస్త్రీ సారు. వకీలు లేస్తూనే మొదలెట్టాడు. ఈమె సంతకాలు కలవవు, పైగా ఇతరుల సంతకాలు దించగల మనిషి, దరఖాస్తు ఎవరిదో తెలియదు, అప్పీలు కొట్టేయండి అన్నాడు. నా విద్య గురించి అంత బాగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. సంతోషించే పరిస్థితి మాత్రం కాదు.

పెద్దావిడ ఇస్త్రీ సారుని అడిగింది, ఆ రోజు దరఖాస్తు మీ చేతికి ఇచ్చింది ఈమేనా అని.

వకీలు ఆయన వైపు చూశాడు. ఆయన బల్ల వైపు చూశాడు. ఇన్నేళ్ళ నా నోటి దురుసు, నా పొగరు, అన్నీ కట్టగట్టుకుని ఆ ఒక్క మనిషి నాలుక మీద కూర్చున్నాయి.

ఈవిడేనండీ అన్నాడు.

వకీలు ఏదో అనబోయాడు. ఇస్త్రీ సారు ఆగలేదు. రోజూ ఎందరో వస్తారు, నాకు మొహాలు గుర్తుండవు, ఈవిణ్ణి మర్చిపోవడం మాత్రం నా తరం కాదు అన్నాడు. దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకుని, వెళ్తూ వెళ్తూ గేటు మీద డిపో బోర్డు చూసి, దీన్ని రాసినవాడెవడో కదిలే బస్సులోంచి రాసినట్టున్నాడు అందండీ, అప్పటిదాకా ఆ బోర్డు నా కంటికి బాగానే ఉండేది, ఇప్పుడు రోజూ వంకరగానే కనబడుతోంది అన్నాడు.

పెద్దావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్ళజోడాయన ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. నిజంగా అన్నావా అని పెద్దావిడ నన్ను అడిగింది. అన్నానండీ, వంకరగానే ఉంది అన్నాను. వేరే రుజువు అక్కర్లేదు, రాసుకోండి అంది.

తర్వాత మూడో వ్యక్తి సంగతి. ఆ మూడో వ్యక్తి ఒప్పుకుంటే ఇవ్వడానికి మీకేమిటి అభ్యంతరం అని వకీలుని అడిగింది. ఒప్పుకున్నట్టు ఎక్కడుందండీ అన్నాడు వకీలు. అప్పుడు నేను లేచి, బయట బెంచీ మీద ఉందండీ అన్నాను.

తమ్ముడు లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడు నోరు విప్పుతాడో లేదోనని నాకు భయం. మా అక్క అడిగింది నా కోసం, నేను అడగలేక కాదు, పౌరుషానికి పోయి మళ్ళీ అడగలేదు, ఇవ్వండి అన్నాడు.

ఇతను ఎవరో రుజువేమిటి అని వకీలు మళ్ళీ మొదలుపెట్టబోయాడు. ఇస్త్రీ సారు ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మా డ్రైవరేనండీ అన్నాడు.

మా డ్రైవరు. సస్పెండ్ చేసినవాళ్ళ నోటితో. తమ్ముడు తల వంచుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడటం చూశాను.

కాపీ ఇవ్వాల్సిందేనని పెద్దావిడ తేల్చేసింది. బయటికొచ్చాక ఇస్త్రీ సారుకి దండం పెట్టాను. మీకు ఇబ్బంది కాదా అన్నాను. ఉన్నది చెప్పానమ్మా, దానికేముంది అని స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయనకి పెట్టిన పేరు తీసేస్తున్నాను. నిజానికి చొక్కా కాలరు నలిగే ఉంది, ఇవాళే చూశాను.

జూలై 12

కాపీ వచ్చింది. తమ్ముడే తెచ్చి నా బల్ల మీద పెట్టి, నువ్వు ముందు చూడక్కా అన్నాడు.

రోజుకో వరస. బ్రేకు సరిగా పట్టడం లేదు, చూడగలరు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. చూడగలరు అనడం మానలేదు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. కింద వాడి సంతకం, కోడి గీకినట్టు. చిన్నప్పుడు పలక మీద వాడి అక్షరాలు చూసి ఎంత ఎగతాళి చేశానో. ప్రతి రోజూ అదే సంతకం. ఒక్క గీత పెరగలేదు, ఒక్క గీత తగ్గలేదు. ఎదురు పేజీలో, బాగుచేసినవాళ్ళు సంతకం పెట్టాల్సిన చోట, మొత్తం ఖాళీ.

నా తమ్ముణ్ణి చూసి గర్వపడ్డాను. వాడి ముందే ఏడ్చాను. ఎందుకక్కా అన్నాడు. నీ దస్తూరి చూడలేక అన్నాను. వాడు నవ్వాడు. ఎన్నాళ్ళకో.

జూలై 29

ఎంక్వయిరీలో ఆ పేజీలు చదివించారట. డ్రైవరు తప్పు లేదని తేల్చి, సస్పెన్షన్ ఎత్తేశారు. బస్సు బాగుచెయ్యకుండా రోడ్డెక్కించిందెవరో ఇక వాళ్ళు చూసుకుంటారట. మరదలు ఇల్లంతా రెండుసార్లు తుడిచింది.

ఆగస్టు 5

తమ్ముడి బస్సెక్కాను. బ్రేకు మరీ ముందునుంచే వేస్తున్నాడని పక్కనావిడ విసుక్కుంది. మా తమ్ముడండీ అన్నాను. ముందు సీటావిడకీ చెప్పాను, ఆమె అడగకపోయినా.

నా స్టాపు ఎప్పుడో దాటిపోయింది.