మేకు లేని నాడా

నాయనా,

పందెపు గుర్రం చాందినిని కుంటిదాన్ని చేసింది దాని యజమాని రంగయ్యే. పెచ్చులూడిన గిట్టకే మళ్లీ మళ్లీ మేకులు కొట్టించాడు.

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న నీ సుత్తి పక్కనపెట్టి, ఒక కరపత్రంలో చదివి చాందిని నాడాను జిగురుతో అతికించాను. నువ్వు నేర్పినట్టే ముందుగా గిట్టను నానబెట్టాను. నాడా ఊడిపడింది.

“కరపత్రాలు చదివితే నాడా నిలబడుద్దా అబ్బయ్యా? మీ నాయనుంటే నవ్విపోయేవాడు” అన్నాడు రంగయ్య.

ఆ మాటకు ఒళ్లు మండింది. ఊడిన నాడాను తిప్పి చూస్తే జిగురు తడితడిగా ఉంది; జిగురుకు తడి పనికిరాదని అప్పుడే అర్థమైంది. గిట్టను బాగా ఆరబెట్టి మళ్లీ అతికించాను. ఈ పొద్దున చాందిని కుంటకుండా నడిచింది.

“పరిగెత్తినా ఊడకపోతే ఇంక మేకు కొట్టించన్లే” అన్నాడు రంగయ్య. ఆ మాట అతను పదిమందిలో అనాలి. అందుకే నీ చేత గుర్రాలకు నాడాలు కొట్టించిన వాళ్లందరికీ కబురుపెట్టాను: రేపు ఉదయం ఆరు గంటలకు చాందిని పరుగు చూడ్డానికి మైపాడు తీరానికి రండి.