డిస్కో బటన్

27 జనవరి 1985, ఆదివారం

మిషన్ వచ్చేసింది. సికింద్రాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రా పార్టీ మూతపడుతోందని తెలిసి నేనే వెళ్లి తెచ్చాను. బస్సులో వరంగల్ దాకా ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాను. కండక్టర్ పైన వేయమంటే వాడితో గొడవ పడ్డాను.

చూడటానికి చిన్న హార్మోనియంలా ఉంటుంది. ఒక పక్కన మెట్లు, ఇంకో పక్కన వరసగా బటన్లు. వాల్ట్జ్, రాక్, సాంబా, డిస్కో. ఏ బటన్ నొక్కితే ఆ డ్రమ్స్ మోగుతాయి. కొట్టే మనిషి ఉండడు.

వరంగల్‌లో పెళ్లి బ్యాండ్లు చాలా ఉన్నాయి. ఇమాం పాషా బ్యాండ్ ఒక్కటే. నేను క్లారినెట్ ఊదితే కాజీపేట స్టేషన్ దాకా వినపడుతుందని అంటారు. అనేవాళ్లు మా బ్యాండ్ వాళ్లే, అయినా అబద్ధం కాదు. ఈ మిషన్‌తో మిగతా బ్యాండ్లు దుకాణాలు సర్దుకోవాల్సిందే.

28 జనవరి, ఉదయం పది

షాపులో అందరినీ కూర్చోబెట్టి డిస్కో బటన్ నొక్కాను. గిలక్కాయలు ఊపే యాకయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. ట్రంపెట్ వాళ్లు తలలూపారు. మొగిలయ్య ఒక్కడే కదల్లేదు.

మొగిలయ్య నా డ్రమ్మర్. ఇద్దరికీ మీసాలు రాకముందు నుంచీ కలిసి వాయిస్తున్నాం. పాట మధ్యలో నేను ఎక్కడ ఊపిరి పీలుస్తానో వాడికి తెలుసు. సరిగ్గా అక్కడ ఒక దెబ్బ ఎక్కువ వేసి ఆ ఖాళీ కనపడకుండా చేస్తాడు. బయటివాళ్లు పాషాకు ఊపిరి తీసుకునే పనే లేదంటారు. ఆ పేరులో సగం వాడిది.

వాడు మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి వెనక్కి చూశాడు. ఇది ఎవని మొకం జూసి కొడ్తది పాషా భాయ్ అని అడిగాడు. ఎవరి ముఖమూ చూడదు, అదే దాని గొప్ప అన్నాను. మరి అలసిపోదా అన్నాడు. బ్యాటరీ ఉన్నంతసేపు అలసిపోదన్నాను.

మరి నేనెందుకు అని అడుగుతాడనుకున్నాను. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వు ముందు, అది వెనక అని. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

అదే రోజు, సాయంత్రం

మా ఆవిడ సుల్తానాకు మిషన్ తెగ నచ్చింది. కుట్టు మిషన్ పక్కన పెట్టుకుని డిస్కో మోగిస్తోంది. తొక్కే కాలు ఆ దెబ్బకు సరిగ్గా పడుతోందట, జాకెట్లు చకచకా అయిపోతున్నాయట. అంత ఎందుకు నచ్చిందని అడిగాను. ఈ ఇంట్ల మాట మీద నిలబడేది ఇదొక్కటే ఉన్నది అన్నది. ఎవరిని అన్నదో నేను తేల్చుకోలేదు.

7 ఫిబ్రవరి, గురువారం

మొదటి బరాత్. గిర్మాజీపేట. తోపుడు బండి మీద మిషన్, కారు బ్యాటరీ, యాంప్లిఫయర్, రెండు హారన్ స్పీకర్లు. ఆపరేటర్ యాకయ్య. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. ఇన్నేళ్లు గిలక్కాయలు ఊపితే ఒక్కరూ వాడి వైపు చూడలేదు, ఈ రోజు పెళ్లివారు వాడికి సోడా ఇప్పించారు.

కాలేజీ కుర్రాళ్లు పూనకం వచ్చినట్టు ఆడారు. ఒకడు రోడ్డు మీద పడుకుని మరీ ఆడాడు. హిట్. నా జీవితంలో ఇంత గోల చూడలేదు.

జరిగిన మిగతాది కూడా రాయాలి.

పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం మొగిలయ్య డ్రమ్‌కు అలవాటు పడ్డది. వాడు దెబ్బ ఆపితే ఆగుతుంది, మొదలుపెడితే నడుస్తుంది. మిషన్ ఆగలేదు కాబట్టి గుర్రమూ ఆగలేదు. మేమందరం వీధిలో ఆడుతూ ఉండగానే పెళ్లికొడుకు ఒంటరిగా చౌరస్తా దాకా వెళ్లిపోయాడు. మేనమామలు చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తారు.

ఇంకొకటి. పెళ్లికూతురి నాయనమ్మ రెండడుగులు వేద్దామని కొంగు దోపుకుని ముందుకొచ్చింది. మొగిలయ్య ఆమె కాళ్లు చూశాడు, చేయి నెమ్మది చేశాడు. వాడు ఎప్పుడూ అంతే, ఆడేవాళ్ల కాళ్లు చూసి కొడతాడు. మిషన్ మాత్రం తన దారిన తాను పోతోంది. రెండు తాళాలు కొట్టుకుని గందరగోళమైంది. అందరూ నా వైపు చూశారు. ఆపమని నేను కళ్లతో సైగ చేశాను. యాకయ్యకు కాదు, మొగిలయ్యకు.

వాడు ఆపేశాడు. డ్రమ్ భుజాన వేసుకుని వీధి చివరిదాకా మాతో నడిచాడు, పుల్ల తాకించలేదు. ముసలామె కొంగు సర్దుకుని అరుగెక్కింది.

8 ఫిబ్రవరి

మొగిలయ్య డ్రమ్ షాపులో పెట్టి వెళ్లిపోయాడు. నీ డబ్బ నీకే ముబారక్ అని చెప్పమన్నాడట. నాతో కాదు, యాకయ్యతో. నేను లోపలి గదిలోనే ఉన్నాను.

9 ఫిబ్రవరి

పోతే పోనీ.

17 ఫిబ్రవరి, ఆదివారం

ఈ మధ్య కనపడిన వాళ్లందరినీ అడుగుతున్నాను, మిషన్ మ్యూజిక్ ఎట్లుంది అని. నాకు జవాబులు కావాలి.

షాపు ఎదురింటి రాజేశ్వర్ రావు సార్ రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆయనకు తలనొప్పి వచ్చిందట. ఎందుకంటే అది తప్పు చేయదు పాషా, తప్పు చేయనిదాంట్ల మనిషి ఏడ ఉంటడు అన్నారు. సార్, మీ చేతి గడియారం కూడా తప్పు చేయదు, దాన్ని విప్పి పారేస్తారా అన్నాను. సార్ చాలాసేపు గడియారం వైపు చూశారు. టైము రెండు నిమిషాలు వెనక ఉందని అప్పుడు తెలిసిందట. నన్నే తిట్టారు.

పాన్ డబ్బా దగ్గర ఒక పెద్దాయన, అది మనల్ని పట్టించుకోదు, ఎవలు ఆడినా ఎవలు సచ్చినా దానికి ఫికరే లేదు అన్నాడు. ఆయనకు అసలు నచ్చలేదు.

గిర్మాజీపేటలో రోడ్డు మీద పడుకుని ఆడిన కాలేజీ కుర్రాడు కనపడితే వాడినీ పట్టుకున్నాను. వాడు చెప్పింది నాకు కొత్త. డ్రమ్ కొట్టే అంకుల్ మన కాళ్ల దిక్కే చూస్తడు అంకుల్, సిగ్గయితది, మిషన్ అయితే చూడది కద అన్నాడు.

ఇంటికొచ్చి ఆలోచించాను. నచ్చినవాళ్లు చెప్పే కారణం, నచ్చనివాళ్లు చెప్పే కారణం ఒక్కటే. అది ఎవరినీ చూడదు. ఇంత పెద్ద విషయం కనిపెట్టాను కదా అని చెప్పుకుందామంటే మొగిలయ్య లేడు. సుల్తానాకు చెప్పాను. కాజాలు కుడుతున్నా, జర ఆగమన్నది.

3 మార్చి

బుకింగ్‌లకు లోటు లేదు. కాశిబుగ్గ వాళ్లు, శివనగర్ వాళ్లు, అందరూ మిషన్ పాషా కావాలంటున్నారు. పేరు కూడా మారిపోయింది.

కొత్త డ్రమ్మర్‌ను పెట్టుకోలేదు. అవసరం లేదని అందరికీ చెబుతున్నాను. వాడి డ్రమ్ మీద గుడ్డ కప్పి మూల పెట్టాను.

నిన్నటి బరాత్‌లో పాట మధ్య ఊపిరి పీల్చినచోట ఖాళీ వినపడింది. వినేవాళ్లు ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. తర్వాత అన్ని పాటల్లోనూ అదే విన్నాను. మొగిలయ్య లేకపోతే నాకు బాగా లేదు. ఇది ఎవరికీ చెప్పేది కాదు. కరీమాబాద్ వెళ్లి వాడిని పిలుచుకు రావడానికి ఎంతసేపు పడుతుంది? కాళ్లు కదలవు. నేను బ్యాండ్ మాస్టర్‌ని.

14 ఏప్రిల్, ఆదివారం

భద్రమ్మ వచ్చింది. మొగిలయ్య భార్య. నేను షాపు తలుపు తీస్తుంటేనే మెట్ల మీద కూర్చుని ఉంది.

స్వరూప పెళ్లి కుదిరింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, నా భుజాల మీద తిరిగిన పిల్ల. అబ్బాయిది పాలకుర్తి. పెళ్లి వచ్చే నెలలో. బ్యాండు నీదేనన్నా, ఆయన రాలె, అందుకే నేనొచ్చిన అన్నది భద్రమ్మ.

మరి డ్రమ్ ఎవరు కొడతారన్నాను. కాళ్లు కడిగి కన్యాదానం చేసేటోడు మెడల డ్రమ్మేసుకుంటే పెద్దమనుషులు ఊకుంటరా అన్నది. నిజమే, పిల్ల తండ్రి వాయించడానికి వీల్లేదు. అయితే కేసముద్రం నుంచి ఒకడిని పిలిపిస్తానన్నాను. ఆ మాట ఇంట్లో ముందే వచ్చిందట. వాడు కొడితే చాటల వడ్లు చెరిగినట్టుంటదని మొగిలయ్య కొట్టిపారేశాడట. హన్మకొండ వాడి పేరు తీస్తే అన్నం ముందు నుంచి లేచిపోయాడట.

మరి ఎట్లా అన్నాను. భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ డబ్బనే తెమ్మన్నడన్నా అన్నది.

నేను నమ్మలేదు. మళ్లీ అడిగాను. ఇంకో మనిషి డ్రమ్ కొడితే ప్రతి దెబ్బకూ వంక కనపడుతుందట. బిడ్డ పెండ్లిల వంకలు ఎంచుకుంట కూసుంటనా, డబ్బ అయితే నాకు పోటీ కాదు, మోగితే మోగనీ అన్నాడట. ఇంకో డ్రమ్మర్ చేయి తన కూతురి బరాత్‌లో వినడం కంటే మిషనే నయమట. పైగా స్వరూప మొదటి రోజు నుంచీ డిస్కో కావాలని గోల చేస్తోందట.

గెలిచాను.

గెలిచినట్టు మాత్రం లేదు. వాడు మిషన్‌ను తెమ్మన్నాడు, నన్ను రమ్మన్నాడో లేదో భద్రమ్మ చెప్పలేదు.

22 ఏప్రిల్

వెళ్లాను. కరీమాబాద్. చాయ్ ఇచ్చాడు. ఎండల గురించి మాట్లాడాడు, మామిడికాయల గురించి మాట్లాడాడు. నేను పందిరి గురించి అడిగాను. మిషన్ మాట ఎవరం ఎత్తలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, బ్యాటరీ నిండుగ పెట్టుకో, నా బిడ్డ బరాత్ నడిమిట్ల ఆగొద్దు అన్నాడు. అంతే.

8 మే

నేను భయపడే మనిషిని కాదు. బ్యాటరీని రెండోసారి చార్జింగ్‌కు పంపాను.

10 మే, ఉదయం ఆరు

నిద్ర పట్టలేదు. నిన్నటిది మరిచిపోకముందే రాయాలి. మరిచిపోయేది కాదు, అయినా రాయాలి.

లగ్నం బాగా జరిగింది. పొద్దు వాలాక బరాత్ తీశాం. ముందు మేము, మధ్యలో తోపుడు బండి, వెనక జీపులో పిల్లా పిల్లవాడూ. యాకయ్య నా ముఖం చూశాడు, నేను తలూపాను. డిస్కో బటన్ నొక్కాడు. పిల్లలు ఒక్కసారిగా అరిచారు.

మొగిలయ్య కొత్త ధోతి, పసుపు కండువాతో వచ్చి నేరుగా హారన్ పక్కన నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. పక్క బ్యాండ్ వాళ్లు వాయిస్తుంటే అట్లాగే నిలబడతాడు. ఎక్కడ తప్పుతారా అని కాచుకుని ఉంటాడు.

మొదటి వీధి అయింది. బండితో పాటే నడుస్తున్నాడు, చెవి హారన్‌కే. మిషన్ తప్పలేదు. మలుపు తిరిగాం. తప్పలేదు. మోచేతి మీద వాడి వేళ్లు వాటంతట అవే కొడుతున్నాయి. యాకయ్య నల్లద్దాలు తీసేశాడు, వాడికి చెమటలు. నేను పాట మీద పాట ఊదుతున్నాను గానీ కళ్లు వాడి మీదే ఉన్నాయి. ఇప్పుడు తిట్టి బండి ఆపిస్తాడేమో, పదిమందిలో నా పరువూ వాడి కూతురి సంబరమూ రెండూ పోతాయేమో అనుకున్నాను.

వాడి వేళ్లు ఆగిపోయాయి. చేతులు విప్పి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసుకున్నాడు. ఏం చేయాలో తెలియనట్టు చూసుకున్నాడు. కండువా తీసి భద్రమ్మ మీదికి విసిరేశాడు.

ఆడాడు. మొగిలయ్య ఆడాడు!

మొదట్లో నవ్వొచ్చింది. మెడలో డ్రమ్ వేలాడుతున్నట్టే నడుం వెనక్కి వంచి, కాళ్లు ఎడంగా పెట్టి ఆడుతున్నాడు. కాసేపటికి ఆ నడుం నిటారైంది. చేతులు పైకి లేచాయి. కుర్రాళ్లు చుట్టూ చేరి ఈలలు వేశారు. భద్రమ్మ నా పక్కకు వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మా పెండ్లిల గూడ బ్యాండోళ్ల చేతుల నుంచి డ్రమ్ము గుంజుకొని ఈయనే కొట్టిండన్నా, ఈయన ఆడంగ నేనెన్నడు సూడలె అన్నది.

నాకు అప్పుడు తట్టింది. నేనూ చూడలేదు. వాడు వాయిస్తే సగం వరంగల్ ఆడింది. వాడికోసం వాయించినవాళ్లు ఒక్కరూ లేరు.

స్వరూప జీపు దిగింది. పెళ్లికూతురు దిగుడేంది అని పాలకుర్తి వాళ్లలో ఎవరో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. తండ్రి చేతులు పట్టుకుంది. పాట అయిపోయినా నేను ఆపలేదు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

అంత గోలలో మొగిలయ్య నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు. వంక దొరుకుతలేదు పాషా భాయ్, ఎవని కాళ్లు సూడనక్కర లేదు, ఎంత హాయిగున్నదో అన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని లాగాడు. నువ్వు గూడ రా అన్నాడు. నేను క్లారినెట్ చూపించాను. ఇయ్యాల దాన్ని జర పక్కన పెట్టు అన్నాడు. నేను చేయి విడిపించుకుని ఇంకా గట్టిగా ఊదాను. వాడు ఒక క్షణం నన్ను చూసి మళ్లీ గుంపులోకి వెళ్లిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

మొగిలయ్య షాపుకు వచ్చాడు. కుంటుతూ వచ్చాడు, పిక్కలు పట్టేశాయట. ఎవరితోనూ మాట్లాడకుండా డ్రమ్ మీద గుడ్డ తీసి, తోలు బిగించుకున్నాడు. తర్వాత షరతులు చెప్పాడు. బరాత్ తానే మొదలుపెడతాడు. ముసలివాళ్లు, గుర్రాలు తన వంతు. జనం వేడెక్కాక తాను చేయెత్తితే యాకయ్య బటన్ నొక్కాలి. ఆఖరి వీధి మిషన్‌ది. ఆ వీధిలో తాను డ్రమ్ పక్కన పెట్టి ఆడతాడు, కాదంటే రాడు.

వాడు పూర్తి చేయకముందే సరేనన్నాను.

మరి నువ్వెప్పుడు ఆడ్తవ్ అన్నాడు. నేను మాస్టర్‌ని, మాస్టర్లు ఆడరన్నాను. వాడు నమ్మలేదు. ప్రాక్టీసులో నేను ఊపిరి పీల్చినచోట దెబ్బ పడింది. కళ్లు చెమర్చాయి. యాకయ్య చూడలేదు.

19 మే, ఆదివారం

సుల్తానా పుట్టింటికి పోయింది. తలుపు గడియ పెట్టాను. కిటికీలు కూడా మూశాను. క్లారినెట్‌ను పెట్టెలో పెట్టి మూత వేశాను. గది మధ్యలో కాసేపు ఊరికే నిలబడ్డాను. తర్వాత బటన్ నొక్కాను.