కుడి చెయ్యి బిగిసిన వానకోటు

జూన్ 14, శనివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నువ్వు ఫోనెత్తడం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం. దీన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవుగా!

నువ్వు మా దగ్గర వదిలివెళ్ళిన నీ కుక్క, అదే దొరగారు, సంగతంతా మొదటినుంచీ చెబుతాను. వానలొస్తున్నాయని మీ బావ ఆయనగారికి కోటు కుట్టారు. ముప్పై ఏళ్ళ టైలరు, కొలత తప్పడం ఎరగని మనిషి. తీరా తొడిగితే కుడి చెయ్యి బిగుతు. ఊడదీసి మళ్ళీ కుట్టారు. వారానికి మళ్ళీ బిగుతే! నా పని అయిపోయిందే అంటూ అన్నం ముందు మొహం వేలాడేసుకు కూర్చున్నారు. నాకు నవ్వాగలేదు. చివరికి టేపు పెట్టి ముందు కాళ్ళు రెండూ కొలిస్తే, కుడికాలు చుట్టుకొలత అంగుళం ఎక్కువుంది. అప్పటికే కాస్త కుంటుతోంది కూడా. మెట్ల మీంచి దూకి బెణికిందనుకుని నేను నెల్లాళ్ళు నూనె రాశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, ఎముకకు చెదలు పట్టినట్టుందన్నారు. సూదితో రవ్వంత ఎముక తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. ఊపిరితిత్తులకు మాత్రం ఇంకా పాకలేదట. కాలు తీసేస్తే నొప్పి పోతుందనీ, తర్వాత మూడు వారాలకోసారి నాలుగు విడతలు సెలైనులో మందు ఎక్కిస్తే ఏడాదిపాటు హాయిగా తిరగొచ్చనీ, అంతకుమించి మాటివ్వలేననీ చెప్పారు.

ఫోనులో ఇదంతా చెబితే నువ్వన్నదేమిటి? మూడు కాళ్ళ మీద దాన్ని చూడలేను, ఇంజక్షనిచ్చి పంపించెయ్యండి అన్నావు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చూడలేనిది నువ్వురా! బతకలేనని అది అనలేదు.

కుక్క నీది, నీ మాటే చెల్లాలి. అందుకే బతిమాలుతున్నాను, మనసు మార్చుకో. జవాబు వెంటనే రాయి.

ఇట్లు,
నీ మంచే కోరే
అక్క

తా.క.: మీ బావ ఇది చదివి, ఇన్ని అబద్ధాలా అని తిట్టారు. కాలు తీసేసి పన్నెండు రోజులైంది. ఎముక ఏ క్షణమైనా విరగొచ్చని డాక్టరమ్మ అన్నారు, ఆగలేక యజమాని సంతకం నేనే పెట్టాను. మూడు రోజులు అది మూలిగింది, దాంతోపాటు నేనూ. సోమవారం మొదటి విడత మందు. నిన్న గొలుసు లాక్కుని వీధి చివరిదాకా స్కూటరు వెంటపడింది, పట్టుకోవడానికి ముగ్గురం కావలసి వచ్చింది. నన్ను తిట్టాలనుంటే వచ్చి తిట్టు. ముందు దాన్ని పరుగులో అందుకో, తర్వాత తిడుదువుగాని.