కాపీ కాని పెళ్ళి డిస్కు

గెడ్డవలస,
అరకు దగ్గర.

చిరంజీవి సాయినాథ్‌కి, మేనత్త చిట్టెమ్మ ఎవరిచేతా రాయించకుండా స్వయంగా రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేం క్షేమం. నువ్వూ క్షేమంగానే ఉంటావు. సాలూరులో కంప్యూటర్ల కొట్లో ఫ్యాను కింద కూర్చునేవాడికి రోగం ఎందుకొస్తుంది? ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. సిగ్నల్ కోసం కొండెక్కాలి. ఎక్కి నిన్ను తిట్టడం మొదలుపెడితే సగంలో కట్ అయిపోతుంది. ఉత్తరంలో అయితే తిట్టు మొత్తం చేరుతుంది.

సంగతేటంటే, మీ అక్క స్వర్ణ పెళ్ళి డిస్కు నా దగ్గరే ఉంది కదా. పిసినారి మీ నాన్న ఒక్కటే తీయించి, అలిగిన నన్ను, తన అక్కని, బుజ్జగించడానికి దాన్ని నాకే ఇచ్చేశాడు. మన ఇళ్ళల్లో పెళ్ళికూతురికి మొదటి పసుపు మేనత్త పూయాలి. ఆ రోజు ఊళ్ళో ఆడవాళ్ళందరూ పూశారు, నేను తప్ప. మీ అమ్మ రాజకుమారి నన్ను పిలిచిన పాపాన పోలేదు. డిస్కులో అంతా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, అందుకే తరచుగా చూస్తాను.

ఇప్పుడు నీకు మా అమ్మాయి భానుశ్రీ కావాలి. ఆ గుంటకీ నువ్వే కావాలట, అన్నం దగ్గర మొహం ముడుచుకుని కూర్చుంటోంది. సరే. కాఫీ పళ్ళు ఏరడం అయ్యాక సంబంధం మాట్లాడడానికి పెద్దలు మీ ఇంటి దగ్గర కూర్చుంటారు. ఈలోగా ఈ డిస్కుకి కాపీలు తీసి చుట్టాలందరికీ పంపిస్తాను. వాళ్ళు చూసి వస్తారు. నలుగురి ముందూ మీ అమ్మ తప్పు ఒప్పుకుంటే భానుని ఇస్తాను. ఒప్పుకోకపోతే గుమ్మలక్ష్మీపురం మాస్టారి సంబంధం ఉండనే ఉంది.

తీరా అరకులో జిరాక్సు ప్రసాద్ దగ్గరికి తీసుకెళ్తే వాడి కంప్యూటర్ సగం దాటాక ఆగిపోయి, రీడ్ ఎర్రర్ అంటోంది. మా ఇంట్లో మటుకు శుభ్రంగా ఆడుతుంది. మా ప్లేయర్ మీద కోళ్ళు పడుకుంటాయి, అయినా ఆడుతుంది. మీ కంప్యూటర్ల చదువు మా కోళ్ళ గూటికి కూడా పనికిరానిదని తేలిపోయింది. ఏం చెయ్యాలో బేగి రాయి.

నీకు అత్తగారవుతుందో లేదో ఇంకా తేలని మేనత్త,
చిట్టెమ్మ.

తా.క. ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. చూపిస్తే మాత్రం మొత్తం చూపించు.


సాలూరు.

పూజ్యురాలైన అత్తకి మేనల్లుడు సాయినాథ్ దూరం నుంచే దండం పెట్టి రాస్తున్నది.

నా పెళ్ళి చెడగొట్టే సాక్ష్యాన్ని కాపీ చెయ్యడం ఎలాగో నన్నే అడిగావు. ఇంకెవరికైనా ఈ ధైర్యం ఉంటుందా? ఆ రోజు ఏం జరిగిందో నేను చూడలేదు. పెళ్ళివారి బస్సు ఘాట్‌లో చెడిపోతే దాని దగ్గర ఉండిపోయాను. అమ్మని అడిగితే, చెయ్యని తప్పు ఒప్పుకోనంటుంది. ఏం జరిగిందో చెప్పమంటే నోరు విప్పదు. అంటే నువ్వు కాపీ తీస్తే నా పెళ్ళి ఆగిపోతుంది, తీయకపోతే మాస్టారితో భాను పెళ్ళి అయిపోతుంది. అయినా అడిగావు కాబట్టి చెబుతాను.

ఆడే డిస్కు కాపీ కాకపోవడం వింతేమీ కాదు. ప్లేయర్‌కి బొమ్మ చూపించడం ఒక్కటే పని. చదవలేని చోటు వస్తే చప్పుడు చెయ్యకుండా గెంతేసి ముందుకు పోతుంది. మావయ్య పేపర్ చదివినట్టన్నమాట. రాని మాట వస్తే వదిలేసి తర్వాతి దానికి పోతాడు, వినేవాళ్ళకి తేడా తెలియదు. కాపీ తీసే కంప్యూటర్ అలా వదలకూడదు. ఒక్క ముక్క చదవలేకపోయినా ఆగిపోతుంది. ప్రసాద్ కంప్యూటర్ మంచిదే, తప్పు డిస్కుదే. మురికి పట్టి ఉంటుంది. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపుకి తుడువు. గుండ్రంగా తిప్పి తుడవకు.

నీ ఆశీస్సులు తప్ప అన్నీ అందుకుంటున్న
సాయినాథ్.

తా.క. కోళ్ళు ప్లేయర్ మీదే పడుకున్నాయా, డిస్కు మీద కూడానా?


గెడ్డవలస.

సాయినాథ్‌కి, చిరంజీవి అని ఈసారికి రాయడం లేదు.

మురికి అన్నావు. నా ఇంట్లో. పేడతో అలికిన నా నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చని ఊరంతా అంటుంది. మీ అమ్మ పెరట్లో అడుగుపెడితే చెప్పు ఊడొస్తుంది, దాని గురించి ఎప్పుడైనా రాశావా? సరే, తుడిచాను. నువ్వు చెప్పినట్టే, మెత్తటి బట్టతో, ఎక్కడ దుమ్ముంటే అక్కడ. మళ్ళీ అరకు వెళ్ళాను. మళ్ళీ అక్కడే ఆగింది.

ఇంకో సంగతి. మీ మావయ్య నీ ఉత్తరం చదివాడు. ఒక్క మాట కూడా వదలకుండా చదివాడు. అప్పటి నుంచి పేపర్ ముట్టుకోవడం లేదు, గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాడు. సాయంత్రం పేపర్ వినడానికి వచ్చేవాళ్ళు వచ్చి, ఆయన వీపు చూసి వెళ్ళిపోతున్నారు. దేశంలో ఏం జరుగుతోందో ఈ ఊరికి తెలియకుండా చేశావు.

ప్రసాద్ అసలు సంగతి చెప్పాడు. కొన్ని డిస్కులకి ఎవరూ కాపీ తీయకుండా లోపల తాళం వేస్తారట. ఇప్పుడర్థమైంది. తాళం వేసేవాడు సాలూరులో కూర్చున్నాడు, వేయించినావిడ మా గెడ్డవాగు అవతల మీ ఇంట్లో కూర్చుంది. నీకు పిల్లనిస్తే రేపు నా కూతురి నోటికి కూడా తాళం వేస్తావు. అసలే ఆ గుంటకి నా పోలిక, నోరు మూస్తే బతకదు.

చేసిన పని ఒప్పుకుని తాళం తీసెయ్. లేకపోతే మాస్టారికి కబురు పంపేస్తాను.

ఇప్పటికింతే.
చిట్టెమ్మ.

తా.క. తాళంచెవి లాంటిది ఏదైనా పంపితే బస్సు కండక్టర్‌కి ఇవ్వకు. వాడు మీ అమ్మ తరఫువాడు.


సాలూరు.

అత్తకి సాయినాథ్ నమస్కారం. ముందుగా మావయ్య కాళ్ళకి.

మావయ్య ఈ ఏజెన్సీ ఊళ్ళన్నిటికీ పేపర్ చదవడంలో మేటి అని నేను ఒప్పుకుంటున్నట్టు ఆయన వీపుకి వినిపించేలా చదివి చెప్పు.

తాళాలు సినిమా కంపెనీలవాళ్ళు వేసుకుంటారు, జనం దొంగ కాపీలు తీసి అమ్ముకోకుండా. స్వర్ణక్క పెళ్ళి వీడియో దొంగతనంగా అమ్ముకుని బాగుపడదామనుకునేవాడు ఇంకా పుట్టలేదు. డిస్కు ఆరేళ్ళుగా నీ బీరువాలో ఉంది, బీరువా తాళం నీ నడుముకి ఉంది. నేనెప్పుడొచ్చి వేశాను?

నాకు కోపం రావట్లేదు. రోజూ ప్రింటర్‌లో కాగితం పెట్టకుండా ప్రింట్ రాలేదని పోట్లాడేవాళ్ళతో బతుకుతున్నాను, నాకు అలవాటే. ఇలా చెయ్యి. ఇంకో కంప్యూటర్లో, వేగం తగ్గించి కాపీ పెట్టించు. అక్కడ కూడా అదే చోట ఆగితే లోపం డిస్కు మీదే ఉన్నట్టు. అప్పుడు మెరిసే వైపు ఎండకి పట్టి వాలుగా చూడు. గీత గానీ మరక గానీ ఏది కనిపించినా రాయి. నీకు ముఖ్యం కాదనిపించినదీ రాయి.

నమ్మినా నమ్మకపోయినా నీ మేలు కోరే
సాయినాథ్.

తా.క. గుమ్మలక్ష్మీపురం నుంచి ప్రింటర్ రిపేరుకి తెచ్చినాయన, ఆ మాస్టారికి ఇదివరకే పెళ్ళయిందన్నాడు. కనుక్కున్నావా?


గెడ్డవలస.

సాయినాథ్‌కి అత్త రాస్తున్నది.

కనుక్కున్నాను. పెళ్ళయింది మాస్టారికి కాదు, వాళ్ళన్నకి. ఆ మాస్టారు మా సంబంధం కోసం ఎదురుచూస్తూ రోజూ గడ్డం గీసుకుంటున్నాడట. ప్రింటర్లు బాగుచేసేవాడికి చుట్టరికాలు బాగుచేసే పని ఎందుకు?

నీ మాట మీద పాడేరు దాకా పోయాను. కాలేజీ పక్కన కంప్యూటర్ సెంటర్లో ఒక గుంటడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నెమ్మదిగానే పెట్టాడు. ఎంత నెమ్మదంటే నేను రెండు టీలు తాగి ఒక కునుకు తీశాను. అక్కడా అదే చోట ఆగింది. కాబట్టి పాడేరు కంప్యూటర్లు కూడా దండగే.

ఎండకి పట్టి చూశాను. నా మొహం కనిపించింది. మా అద్దంలో కంటే బాగుంది. గీత లేదు, గీటు లేదు. ఆరేళ్ళుగా పట్టుచీరలో చుట్టి దాచిన డిస్కుకి గీతలెందుకు పడతాయి? పెద్దలు కూర్చునే రోజు దగ్గరకొచ్చేసింది. ఇదే నీకు ఆఖరి అవకాశం. తర్వాత మాస్టారి వాళ్ళని రమ్మంటాను. భాను ఏడుస్తుంది, ఏడవనీ. నేను ఆరేళ్ళు ఏడవలేదా?

చిట్టెమ్మ.

తా.క. ముఖ్యం కాదనిపించినదీ రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. మెరిసే వైపు పసుపు బొట్టు ఒకటుంది. కొత్త వస్తువు ఇంటికొస్తే బొట్టు పెట్టకుండా వాడతామా? టీవీకి పెట్టాం, కాఫీ పళ్ళు ఒలిచే మిషనుకి పెట్టాం, దీనికీ తెచ్చిన రోజే, ఆడించకముందే పెట్టాను. మెరిసే వైపే కదా దాని మొహం, వీపు మీద పెడతారా ఎవరైనా? ఊడిపోకుండా జిగురు కూడా కలిపాను. తుడిచినప్పుడల్లా బొట్టు చెదరకుండా చుట్టూనే తుడుస్తున్నాను.


సాలూరు.

అత్తా,

నమస్కారాలవీ తర్వాత. ఆ తా.క. కొట్లో అందరికీ చదివి వినిపించాను. మా ఓనర్ కుర్చీలోంచి కిందకి జారాడు.

ఆ బొట్టే. అదొక్కటే. డిస్కుని చదివే వెలుగు దాని మీదుగా పోలేదు. మీ ప్లేయర్ ఆ చోటు గెంతేస్తోంది, ప్రసాద్ కంప్యూటర్ ఆగిపోతోంది. ఆ చోట బొమ్మ ఒక్కసారి ఎగిరినట్టు మీకెప్పుడూ అనిపించలేదా? గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన బట్టతో మెల్లగా నానబెట్టి బొట్టు తీసెయ్.

ఇంకొక్క మాట, ఇది సరదాకి కాదు. నువ్వు ఆడించకముందే బొట్టు పెట్టానన్నావు. అంటే దాని కింద ఏముందో ఇంతవరకూ నువ్వు కూడా చూడలేదు. కాబట్టి కాపీలు తీయించకముందు నువ్వొక్కదానివే తలుపేసుకుని డిస్కు మొత్తం చూడు. నా మాట విను.

సాయినాథ్.

తా.క. బొట్టు చెరపడం నీకు మనసొప్పకపోతే వీపు మీద ఇంకోటి పెట్టుకో. దానికేమీ కాదు.


గెడ్డవలస.

చిరంజీవి సాయినాథ్‌కి మేనత్త దీవించి రాస్తున్నది.

ఆ చోట బొమ్మ ఎగరడం తెలుసు. స్టూడియోవాడు గులాబీలు, గుండెకాయలు ఎగరేస్తూనే ఉంటాడు కదా, ఇదీ అలాంటి సోకే అనుకున్నాం.

బొట్టు తీశాను. ప్రసాద్ దగ్గర ఒక్క గుక్కలో కాపీ అయిపోయింది. ముందు ఒక్కదాన్నే చూడమన్నావు. నాకు చెప్పేంతటివాడివయ్యావా అనుకుని చూడలేదు. వందసార్లు చూసిన డిస్కులో కొత్తగా ఏముంటుంది? సాలూరుకీ, పాడేరుకీ, గూడెం కొత్తవీధికీ కాపీలు బస్సులెక్కించాకే మీ ఇంటికి వెళ్ళాను.

టీవీ మీ వీధరుగు మీద పెట్టించాను. పెద్దలంతా కూర్చున్నారు. నేను కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాను, బళ్ళో టీచర్‌లాగ. పసుపు దగ్గరికి రాగానే, "ఇప్పుడు సూడండి, నన్ను పిలిసినోళ్ళు ఎవులైనా ఉన్నారేటి" అన్నాను.

ఉన్నారు.

మీ అమ్మ పసుపు గిన్నె పట్టుకుని అందరికీ అడ్డం నిలబడి ఉంది. "సిట్టెమ్మొదిన రానిదే ఎవులూ ముట్టుకోకండి" అంటోంది. ఇంట్లో పనిచేసే యర్రమ్మని నా కోసం పంపించింది. ఆ కెమెరావాడికి వేరే పని లేదో ఏమో, యర్రమ్మ వెనకే వచ్చేశాడు. పందిరి వెనక, వంటల దగ్గర, బోర్లించిన గుండిగ మీద నేను. ఒక చేతిలో జీలుగు కల్లు దొప్ప, ఇంకో చేతిలో మేక ఎముక. వంటవాడితో ఉప్పు గురించి పోట్లాడుతున్నాను.

"అమ్మా, పసుపుకి రమ్మంతన్నారు, బేగి రా" అంది యర్రమ్మ.

"నానిక్కడ లెగిస్తే ఈడు కూర సెడగొట్టేత్తాడు. మీరే పూసీయండి. పసుపు పుయ్యడం సేతకాదేటి మా మరదలికి?" అన్నాను.

రెండోసారి వస్తే ఎముక విసిరాను. గురి కూడా తప్పలేదు. అది చూసి, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయనకి తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చేసింది. మీ మావయ్య గోడ వైపు తిరిగి నవ్వాడు. నాకు ఒట్టు, ఇదేదీ గుర్తు లేదు. జీలుగు కల్లు అలాంటిది.

అక్కడితో అయిపోలేదు. యర్రమ్మ వెళ్ళి మీ అమ్మ చెవిలో చెప్పింది. మీ అమ్మ పసుపు గిన్నె స్వర్ణ పక్కన పెట్టింది. తర్వాత గట్టిగా, "మా వదినకి జొరంగా ఉంది. ఆవిడే సెప్పింది, మొదలెట్టండి" అంది. అప్పట్లో ఆ మర్నాడు ఊళ్ళోవాళ్ళు జ్వరం తగ్గిందా అని నన్నడిగితే, పిలవని తప్పు కప్పుకోవడానికి మీ అమ్మ కల్పించిందనుకున్నాను. తన తప్పు కాదురా, నా పరువు కప్పింది. యర్రమ్మ చేత కూడా ఒట్టు వేయించుకుందట.

ఊరంతా నవ్వుతుంటే నవ్వని మనిషి మీ అమ్మ ఒక్కర్తే. లేచొచ్చి టీవీ కట్టేసింది. "ఇన్నేళ్ళూ నోరెందుకు మూసుకున్నావే" అని అడిగాను. "సెప్తే నువ్వు నగుబాటయిపోతావు. నువ్వు తిడితే నాకేటి పోయింది వదినా, ఇంటి ఆడబిడ్డవి" అంది.

నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. ప్రతి సంతలోనూ నేను ఆవిడ్ని తిడుతుంటే, ఆవిడ నా పరువు కొంగున కట్టుకుని తిరుగుతోందా? ఇంత గుంభన మనిషితో వియ్యం ఎలా పొసుగుతుందో తెలియదు. అక్కడే ఏడ్చాను. నలుగురి ముందూ తప్పు నాదని చెప్పాను, మరదలి చెయ్యి పట్టుకుని చెప్పాను. చెప్పాక ఆవిడా ఏడ్చింది, దాంతో నా ఏడుపుని ఎవరూ పట్టించుకోలేదు.

మాఘంలో ముహూర్తం పెట్టేశాం. మాస్టారికి గడ్డం పెంచుకోమని కబురు పంపాను. భాను ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నీ అత్తగారు,
చిట్టెమ్మ.

తా.క. పెళ్ళిలో నన్ను వంటల వైపు పోనివ్వకూడదని పెద్దలు తీర్మానం చేశారు. మరి కూరలో ఉప్పు ఎవరు చూస్తారయ్యా అంటే ఒక్కొక్కరే చెప్పులేసుకుని లేచిపోయారు.